గంగిరెద్దుకి మాట అర్థమవుతుందా? జంతువుల ప్రవర్తన తెలిసినవాళ్లు చెప్పండి

కందుకూరు మాస్టారు
మాది కందుకూరు దగ్గర హైస్కూలు. సంక్రాంతి సెలవులు అయ్యాక ఎనిమిదో తరగతిలో ఒక వాదన మొదలైంది, ఇంకా తెగలేదు. పండక్కి ఊళ్లోకి గంగిరెద్దులవాళ్లు వచ్చారు. 'అయ్యగారికి దండం పెట్టు' అంటే ఎద్దు వంగింది. 'అమ్మగారు కొత్త చీర ఇస్తారా' అంటే తల ఊపింది. సగం మంది పిల్లలు దానికి మాట అర్థమైందంటారు. మిగతా సగం అదంతా కొట్టి నేర్పిందే, దానికేం తెలియదంటారు. నేను ఒక పక్క చేరి తీర్పు చెప్పదలుచుకోలేదు. ఇలాంటి ప్రశ్నని శాస్త్రవేత్తలు ఎలా తేలుస్తారో పిల్లలకి చూపించాలని ఉంది. నేను చదివింది లెక్కలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒంగోలు వెట్
మాస్టారూ, ముందు ఎద్దుకి ఏం కనపడుతుందో పిల్లలకి చెప్పండి. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే చుట్టూ చాలావరకు చూస్తుంది, సరిగ్గా తోక వెనక భాగం మాత్రం కనపడదు. అంటే పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి, కర్ర, భుజం, అడుగు అన్నీ దాని చూపులోనే ఉంటాయి. పైగా ముకుతాడు ఆయన చేతిలో ఉంటుంది. మాట ఒక్కటే దానికి చేరుతోందని అనుకోవడానికి లేదు.

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడ పశువుల నడకని ఏళ్ల తరబడి గమనించారు. ప్రతి పశువుకీ చుట్టూ ఒక హద్దు ఉంటుంది, మనం ఆ హద్దులోకి అడుగు పెడితేనే అది కదులుతుంది. భుజానికి వెనక వైపు నుంచి దగ్గరికి వెళ్తే ముందుకి పోతుంది, భుజానికి ముందు నిలబడితే వెనక్కి తగ్గుతుంది. మన ఒంగోలు గిత్తల్ని బండలాగుడుకి తయారుచేసే వాళ్ల దగ్గర ఈ నేర్పు చేతుల్లోనే ఉంటుంది. కానీ సంతలో లారీ ఎక్కించేటప్పుడు చూడండి, నలుగురు వెనక చేరి తోక మెలిపెడుతుంటారు. అక్కడ నిలబడితే పశువుకి మనిషి కనపడడు, బెదురు మాత్రం పెరుగుతుంది. పక్కకి వచ్చి భుజం వెనక నిలబడితే చాలు. ఈ ఒక్క సంగతి అందరికీ తెలిస్తే ఎన్ని పశువులకి దెబ్బలు తప్పుతాయో!

జువాలజీ మేడమ్
మీ ప్రశ్న దాదాపు ఇదే రూపంలో 120 ఏళ్ల కిందట బెర్లిన్‌లో వచ్చింది మాస్టారూ. అక్కడ ఎద్దు బదులు గుర్రం. పేరు హన్స్. దాని యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ కూడా లెక్కల మాస్టారే, రిటైరయ్యాడు. 'ఏడూ అయిదూ ఎంత' అంటే హన్స్ డెక్కతో పన్నెండుసార్లు కొట్టి ఆగేది. జనం గుంపులు గుంపులుగా వచ్చి చూసేవాళ్లు. 1904లో కార్ల్ స్టుంఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఒక కమిషన్ వచ్చి పరీక్షించింది, మోసం ఏమీ లేదని చెప్పింది. నిజంగానే లేదు. యజమాని పక్కన లేకుండా కొత్తవాళ్లు అడిగినా గుర్రం సరిగ్గానే చెప్పేది.

తర్వాత స్టుంఫ్ దగ్గర పనిచేసే ఆస్కార్ ఫుంగ్‌స్ట్ రెండు చిన్న మార్పులు చేశాడు. అడిగే మనిషికే జవాబు తెలియకుండా చేశాడు. ఇంకోసారి గుర్రానికి ఆ మనిషి కనపడకుండా అడ్డు పెట్టాడు. రెండు సందర్భాల్లోనూ హన్స్ లెక్క తప్పింది. జాగ్రత్తగా చూస్తే విషయం బయటపడింది. ప్రశ్న అడిగినవాడు డెక్కని చూడటానికి తల కాస్త వంచుతాడు. సరైన సంఖ్య రాగానే, తనకి తెలియకుండానే, తల రవ్వంత పైకి లేపుతాడు. గుర్రం ఆ కదలిక చూసి ఆగేది. ఫుంగ్‌స్ట్ దీన్ని 1907లో పుస్తకంగా వేశాడు. అసలు సంగతి కనిపెట్టాక కూడా తన తల కదలకుండా ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

చాలామంది 'గుర్రానికి లెక్కలు రావని తేలింది' అని ఇక్కడ ఆపేస్తారు. నాకు అది సగం కథే అనిపిస్తుంది. కమిషన్‌లో ఉన్న పెద్దలెవరికీ కనపడని కదలిక ఆ గుర్రానికి కనపడింది. అది ఎవరూ నేర్పని విద్య. మీ క్లాసులో 'అర్థమైంది' అనే జట్టుకీ 'ఏమీ తెలియదు' అనే జట్టుకీ మధ్య మూడో జవాబు ఒకటి ఉంది: దానికి తెలుసు, కానీ మనం అనుకున్నది కాదు, ఇంకోటి.

కందుకూరు మాస్టారు
చాలా బాగుంది మేడమ్. అయితే వచ్చే సంక్రాంతికి గంగిరెద్దుకి కూడా ఇలాగే అడ్డు పెట్టి చూడొచ్చంటారా?

జువాలజీ మేడమ్
వద్దండి. అది వాళ్ల కులవృత్తి, బతుకుతెరువు. నలుగురి ముందు పరీక్ష పెట్టి వాళ్లని చిన్నబుచ్చకూడదు. ఇష్టపడితే ఆ పెద్దాయన్ని బడికి పిలిచి, కోడెని ఎలా ఎంచుకుంటారో, ముందు ఏం నేర్పుతారో, ఎన్నాళ్లు పడుతుందో చెప్పమనండి. దాని మనసు తెలిసింది ఆయనకే కదా. పరీక్షకి వేరే దారి చూద్దాం.

ఉదయగిరి మంద
నేను చదివింది పదో తరగతి, గొర్రెలు మా తాతల కాలం నుంచీ ఉన్నాయి. మేడమ్ చెప్పింది ఒప్పుకుంటా. కానీ జీవాలు మనిషిని చూసి ఆడతాయి తప్ప వాటికంటూ ఏమీ తెలియదనుకుంటే మాత్రం ఊరుకోను. మావి జోడిపి గొర్రెలు, తెల్లగా ఉండి మూతి దగ్గరా కళ్ల చుట్టూ నలుపు. కొత్తవాళ్లకి అన్నీ ఒక్కలాగే కనపడతాయి. గొర్రెకి అట్లా కాదు. ఈనిన గొర్రె తన పిల్లని నాకి వాసన పట్టాక ఇక వేరే పిల్లని దగ్గరికి రానివ్వదు, తలతో కుమ్మి తోసేస్తుంది. తల్లి లేని పిల్లని అంటగట్టాలంటే, అప్పుడే ఈనిన గొర్రె ఉమ్మనీరు ఆ పిల్లకి పూసి ముందు పెడతాం. ఆలస్యమైతే ఇక కుదరదు. ఎందుకు కుదరదో చెప్పగలరా ఎవరైనా?

జువాలజీ మేడమ్
మీరు చేసేది ఎంత సరైనదో చెప్తాను అన్నా. గొర్రె ఈనేటప్పుడు దాని మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. ఆ కొద్ది గంటల్లోనే వాసన గుర్తుపట్టే భాగం కొత్త పిల్ల వాసనని నమోదు చేసుకుంటుంది. ఆ వ్యవధి దాటితే తలుపు మూసుకుపోయినట్టే. ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ బృందం దీని మీద చాలా పని చేసింది. వాళ్లే 2001లో ఇంకో ఫలితం ప్రచురించారు: గొర్రెలు 50 ఇతర గొర్రెల ముఖాలని గుర్తుపెట్టుకుంటాయి, రెండేళ్లు దాటినా మర్చిపోవు. 2017లో కేంబ్రిడ్జిలో ఫోటోలు చూపించి మనుషుల ముఖాలు కూడా నేర్పారు. తమని రోజూ చూసుకునే మనిషి ఫోటోని అయితే ప్రత్యేకంగా నేర్పకుండానే ఎంచుకున్నాయి.

ఉదయగిరి మంద
ఈ మాట రేపు మంద దగ్గర మా నాయనకి చదివి వినిపిస్తా. 'గొర్రెలాగా' అని తిట్టేవాళ్లకి కూడా వినిపించాలి.

పెన్నా గట్టు
నేను ఇక్కడ యూనివర్సిటీలో జువాలజీ పీజీ చేస్తున్నాను. మందన్న చెప్పిన 'ఆలస్యమైతే కుదరదు' అన్న మాట ఈ శాస్త్రం మొత్తానికీ పునాది రాళ్లలో ఒకటి. 1873లోనే డగ్లస్ స్పాల్డింగ్ కోడిపిల్లల్లో ఇది రాశాడు, గుడ్డు నుంచి వచ్చిన కొత్తలో కదిలేది ఏది కనపడితే దాని వెంట పడతాయని. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1935లో ఆస్ట్రియాలో కోన్రాడ్ లోరెంజ్ బాతుల్లో దీన్ని వివరంగా రాశాక లోకానికి తెలిసింది. అక్కడ పిల్ల తల్లిని పట్టుకుంటుంది. గొర్రెల్లో తల్లి పిల్లని పట్టుకుంటుంది. కోడిపిల్లా గొర్రెపిల్లా పుట్టగానే లేచి నడుస్తాయి, తప్పిపోయే ప్రమాదం ఎక్కువ, అందుకే గుర్తింపు అంత తొందరగా జరిగిపోవాలి. పావురం పిల్ల గూట్లోనే పడి ఉంటుంది, దానికంత తొందర లేదు.

మాస్టారూ, పిల్లలకి ఒక్కటే నేర్పాలంటే నికో టిన్‌బెర్గెన్ 1963లో పెట్టిన నాలుగు ప్రశ్నలు నేర్పండి. గొర్రె పరాయి పిల్లని కుమ్మింది. ఎందుకు? వాసన తేడా వచ్చింది కాబట్టి అనొచ్చు, అది లోపల జరిగే పని గురించి. ఈనిన గంటల్లో వాసన నేర్చుకుంది కాబట్టి అనొచ్చు, అది ఆ జీవి పెరిగిన తీరు గురించి. పాలు తన పిల్లకే దక్కితే తన సంతానం బతుకుతుంది కాబట్టి అనొచ్చు, అది దానివల్ల ప్రయోజనం గురించి. మందగా తిరిగే దాని పూర్వీకుల్లో ఈ గుణం ఎలా వచ్చిందన్నది నాలుగోది. నాలుగూ నిజమే, ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు. ఎద్దు మీద మీ పిల్లల వాదన చూస్తే నాకు ఇదే గుర్తొచ్చింది. ఒకళ్లు ఒక 'ఎందుకు'కీ, ఇంకొకళ్లు వేరే 'ఎందుకు'కీ జవాబు చెప్తున్నారేమో చూడండి.

మైపాడు అల
లోరెంజ్ గురించి చెప్పేటప్పుడు అతను 1938లో నాజీ పార్టీలో చేరాడన్నది కూడా చెప్పాలి. పెంపుడు జంతువుల్లో గుణాలు దిగజారతాయి, మనుషుల్లోనూ అంతే అని ఆ రోజుల్లో రాశాడు. 1973లో నోబెల్ వచ్చింది నిజమే. సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం తానిచ్చిన గౌరవ డాక్టరేట్‌ని 2015లో వెనక్కి తీసుకుంది, అదీ నిజమే.

పెన్నా గట్టు
చెప్పాలి అక్కా, మా క్లాసులో చెప్పరు కూడా. ఆ నోబెల్‌ని పంచుకున్న టిన్‌బెర్గెన్ యుద్ధంలో జర్మన్ల చేతిలో బందీగా ఉన్నాడు. మూడో మనిషి కార్ల్ ఫాన్ ఫ్రిష్, తేనెటీగల నాట్యం అర్థం చేసుకున్నాయన. జంతువుల్ని చూసి మనుషుల మీద తీర్పులు చెప్పడం ఎంత ప్రమాదమో లోరెంజ్ రాతలు చూస్తే తెలుస్తుంది. బాతుల మీద అతను చేసిన పరిశీలన మాత్రం వేరేవాళ్లు మళ్లీ మళ్లీ చేసి చూశారు, నిలబడింది.

చీమకుర్తి పాతకాపు
అందరూ జర్మనీ, ఇంగ్లండు అంటున్నారు. మన దగ్గర ఇవన్నీ ఎప్పటి నుంచో తెలిసినవే. యానాది పెద్ద గట్టు మీద నడుస్తూనే ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది వట్టిదో చెప్పేస్తాడు. ఏ యూనివర్సిటీకి పోయి నేర్చుకున్నాడు? మనవాళ్ల జ్ఞానాన్ని వాళ్లు కొత్తగా కనిపెట్టినట్టు రాసుకుంటే మనం చప్పట్లు కొట్టాలా?

పెన్నా గట్టు
పాతకాపు గారూ, యానాదుల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. పొలం ఎలుక లోపల ఉంటే బొరియ నోటికి మెత్తటి కొత్త మట్టి అడ్డం పెడుతుంది. ఆ మట్టి చూసే వాళ్లు చెప్తారు. లోపల వరి కంకులు దాచుకునే అర ఎటు ఉందో కూడా వాళ్లకి తెలుసు. ఆ పరిజ్ఞానాన్ని రాసిపెట్టినవాళ్లు తక్కువ, అది మన లోపమే.

కానీ ఒక తేడా చూడండి. యానాది పెద్ద చెప్పింది తప్పైతే వెంటనే తెలిసిపోతుంది, తవ్వితే ఎలుక ఉండదు, ఆ పూట కూర ఉండదు. రోజూ పరీక్షకి నిలబడిన మాట అది. తీతువు పిట్ట అరిస్తే ఇంట్లో చావు అన్న మాటని ఎవరు పరీక్షించారు? అరిచిన రాత్రులన్నీ, చావు లేని రాత్రులన్నీ లెక్క పెట్టినవాళ్లు లేరు. తీతువు నేల మీద గుడ్లు పెడుతుంది, మనిషో కుక్కో దగ్గరికొస్తే అరుస్తుంది. మన ఊళ్లలో రెండు రకాల మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. దేన్ని నమ్మాలో ఎంచుకోవడానికే ఈ శాస్త్రం. నాగస్వరానికి పాము ఆడుతుందన్నది కూడా అంతే, అది పాటకి ఊగదు, కదులుతున్న నాగస్వరం బుర్రని చూపుతో వెంబడిస్తుంది.

ఒంగోలు వెట్
ఎలుక మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఎర మందు తిని చావకుండా బయటపడ్డ ఎలుక మళ్లీ ఆ ఎరని ముట్టదు. అందుకే ముందు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేయమంటారు. తిన్న గంటల తర్వాత కడుపులో తేడా చేసినా, తప్పు ఆ తిండిదేనని ఎలుక ఎలా పట్టుకుంటుంది? 1950ల్లో మొదలుపెట్టి 1960ల వరకు చేసిన ప్రయోగాల్లో జాన్ గార్సియా ఇదే చూపించాడు. అప్పటివరకు, ఒక పని వెంటనే దాని ఫలితం వస్తేనే జంతువు రెండింటినీ ముడిపెడుతుందని అనుకునేవాళ్లు. రుచికీ కడుపు నొప్పికీ ఆ నియమం వర్తించదని తేలింది. చాలామంది పెద్దలు ఏళ్ల తరబడి నమ్మలేదు. ఏ జంతువు దేన్ని తేలిగ్గా నేర్చుకుంటుందో దాని బతుకుని బట్టి ఉంటుంది.

జువాలజీ మేడమ్
పాతకాపు గారి బాధలో న్యాయం ఉంది. మన దేశంలో జరిగిన పని కూడా పిల్లలకి చెప్పాలి. గిజిగాడి మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది. తర్వాత ఆ మగపిట్ట ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో జత వెతుక్కుంటుంది. దీన్ని 1930ల మొదట్లో సలీం అలీ గారు గంటల తరబడి కూర్చుని చూసి రాశారు. బెంగళూరులో రాఘవేంద్ర గదగ్కర్ గారు గోడ మూలల్లో గూడు పెట్టే కందిరీగల్లో ఒక జాతి మీద దశాబ్దాలు పనిచేశారు. రాణి ఈగ పోతే తర్వాత రాణి ఎవరవుతారు, మిగతావి ఎందుకు ఊరుకుంటాయి అన్న ప్రశ్నకి ఆయన ఖర్చుపెట్టింది ముఖ్యంగా ఓపికే. ఒక్కో ఈగకీ చిన్న రంగు చుక్క పెట్టి గుర్తుపట్టడం, అంతే పరికరం. కోల్‌కతా దగ్గర అనిందితా భద్ర గారి బృందం వీధి కుక్కల మీద పని చేస్తోంది. రెండు గిన్నెలు పెట్టి ఒకదాని వైపు చెయ్యి చూపితే, దగ్గరికొచ్చిన కుక్కల్లో చాలావరకు ఆ గిన్నెకే వెళ్లాయి. వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

అల్లూరు చెరువు
రొయ్యల రైతుని. నాదొక ప్రశ్న. మేము చెక్ ట్రే, అంటే మేత ఎంత మిగిలిందో తెలియడానికి చెరువులో దించే పళ్లెం, చూసి మేత పెంచాలా తగ్గించాలా అనుకుంటాం. రొయ్య పైకొచ్చి గట్టు పక్కన తిరుగుతుంటే ఆక్సిజన్ తగ్గిందని నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేస్తాం. ఇది కూడా ప్రవర్తన చదవడమేనా? ఇంకోటి, రొయ్యకి నొప్పి ఉంటుందా?

పెన్నా గట్టు
ముమ్మాటికీ అదే అన్నా. మీరు రోజూ చేసే పని మీదే ఇప్పుడు యంత్రాలు వస్తున్నాయి. రొయ్య మేత కొరికేటప్పుడు టిక్ టిక్ మని చిన్న శబ్దం వస్తుంది. నీళ్లలో మైకు పెట్టి ఆ శబ్దం విని, తింటున్నంతసేపే మేత వేసే ఫీడర్లు ఉన్నాయి.

నొప్పి గురించి: బ్రిటన్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్ శంఖాల్లో ఉండే పీతల మీద ప్రయోగాలు చేశాడు. చిన్న కరెంటు షాక్ ఇస్తే కొన్ని శంఖం వదిలి బయటికొస్తాయి. కానీ మంచి శంఖం అయితే తేలిగ్గా వదలవు, నాసిరకం అయితే తొందరగా వదిలేస్తాయి. చెయ్యి కాలితే వెనక్కి లాక్కున్నట్టు ఊరికే జరిగేది అయితే శంఖం మంచిదా చెడ్డదా అన్న లెక్క అక్కడికి రాకూడదు. ఇలాంటి ఆధారాలన్నీ చూసి, బ్రిటన్ 2022 చట్టంలో పీతల్నీ రొయ్యల్నీ కూడా అనుభూతి ఉన్న జీవులుగా చేర్చారు. పీతకి లోపల ఎలా అనిపిస్తుందో నేరుగా చూసే దారి లేదు. ఎంపిక మార్చుకుంటుందా లేదా అన్నదాన్ని మాత్రం చూడగలం.

అల్లూరు చెరువు
పట్టుబడి రోజు ఐసు నీళ్లలో వేసే పద్ధతి గురించి ఇక కొత్తగా ఆలోచిస్తా. ఐసు ఎక్కువ వేస్తే తొందరగా పోతాయి, ఖర్చు అని కొందరు తగ్గిస్తారు. నేను తగ్గించను.

మైపాడు అల
మా బీచ్ గురించి కూడా రాయనివ్వండి. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు ఇసుక లోంచి రాత్రిపూట బయటికొస్తాయి. సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుగ్గా ఉంటుంది, ఆ వెలుగు వైపు పాకుతాయి. అది వేల ఏళ్లు పనిచేసిన నియమం. ఇప్పుడు వెనక రోడ్డు మీద లైట్లున్నాయి, పిల్లలు ఊరి వైపు పాకుతాయి. తాబేలు పిల్ల తెలివితక్కువది కాదు, దానికి పనికొచ్చే నియమాన్ని మనం తారుమారు చేశాం. పిల్లలు బయటికొచ్చే నెలల్లో తీరం వైపు లైట్లు ఆపితే, లేదంటే కిందికి వంచి కప్పితే చాలా బతుకుతాయి. మాస్టారూ, ఇది మీ విద్యార్థులకి చెప్పండి, వాళ్లు ఇళ్లల్లో చెప్తారు.

కందుకూరు మాస్టారు
తప్పకుండా. ఇన్ని తెలిశాక పిల్లల చేత స్వయంగా ఏదైనా చేయించాలనిపిస్తోంది. కుక్కలకి గిన్నె చూపించే పరీక్ష మా వీధిలో చేయొచ్చా?

ఒంగోలు వెట్
దయచేసి వద్దు. పిల్లలు తెలియని వీధి కుక్కల దగ్గరికి తిండితో వెళ్లకూడదు. రేబిస్ భయం ఊరికే అనేది కాదు. దూరం నుంచి చూసే పని పెట్టుకోండి. గేదెల వెంట తెల్ల కొంగలు తిరుగుతాయి కదా. గేదె నడుస్తుంటే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, కొంగ వాటిని తింటుంది. ఒంటరి కొంగ కంటే గేదె పక్కన కొంగకి తక్కువ అడుగులతో ఎక్కువ పురుగులు దొరుకుతాయని విదేశాల్లో 1960ల్లోనే లెక్కపెట్టారు. మీ వైపు పొలాల్లో అలాగే ఉంటుందో లేదో పిల్లలే చూడొచ్చు. మీరు లెక్కల మాస్టారు, సగటు తీయడం నేర్పినట్టూ అవుతుంది.

జువాలజీ మేడమ్
మంచి ఎంపిక. ఒక జాగ్రత్త తీసుకోండి. 1963లో రాబర్ట్ రోసెంథాల్ కొందరు విద్యార్థులకి 'ఇవి తెలివైన ఎలుకలు' అనీ, మరికొందరికి 'ఇవి మందమైనవి' అనీ చెప్పి ఇచ్చాడు. నిజానికి అన్నీ ఒకే రకం. తెలివైనవని నమ్మినవాళ్ల ఎలుకలు మెరుగ్గా చేసినట్టు లెక్కలు వచ్చాయి.  హన్స్‌ని అడిగినవాళ్ల తల కదిలినట్టే, ఇక్కడ విద్యార్థుల నమ్మకం ఫలితాన్ని కదిలించింది. కాబట్టి లెక్కపెట్టే పిల్లలకి ఏ జవాబు వస్తుందనుకుంటున్నామో ముందు చెప్పకండి. ఒకే కొంగని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి చివర్లో పోల్చుకోవాలి.

కందుకూరు మాస్టారు
సరే మేడమ్. ఒక జట్టు అడుగులు, ఒక జట్టు ముక్కు పోట్లు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే సరిపోతుంది. ముక్కు వేసిన ప్రతిసారీ పురుగు దొరికినట్టేనా? అది ఎలా తెలుస్తుంది?

ఒంగోలు వెట్
దొరికితే కొంగ తల పైకెత్తి మింగుతుంది, మెడలో కదలిక కనపడుతుంది. దూరం నుంచి కూడా తెలుస్తుంది. పోట్లు వేరే గీతలు, మింగినవి వేరే గీతలు పెట్టించండి. గేదెలు మేస్తూ నడుస్తున్నప్పుడే చూడాలి, పడుకుని నెమరేస్తుంటే కొంగకి లాభం లేదు. పొద్దున మేతకి తోలిన వెంటనే మంచి సమయం.

ఉదయగిరి మంద
మాస్టారూ, మా గొర్రెల వెంట కూడా కొంగలు తిరుగుతాయి. మీ లెక్క రాసే కాగితం ఎలా ఉండాలో ఇక్కడ పెడితే మా అబ్బాయి చేత ఇక్కడ కూడా రాయిస్తా. గేదెతో ఎక్కువో గొర్రెతో ఎక్కువో చూద్దాం.